టైలు కింది నేల

"దూలం చూసుకోండ్రి, నెత్తికి తగుల్తది" అంటున్నాడు ముందు ఎక్కుతున్న వడ్లాయన. మెట్లు నిటారుగా ఉన్నాయి. ఒక్కో చెక్క మెట్టు అరిగి నడుమ గుంట పడింది. తల వంచి పైకొస్తే ఎదురుగా పొడుగాటి మేడగది. తూర్పు కిటికీ చువ్వల్లోంచి ఫాల్గుణమాసపు పొద్దుటి ఎండ నేల మీద చారలుగా పడుతోంది. కింద హుజూర్‌నగర్ బజార్లో షట్టర్లు అప్పుడే లేస్తున్నాయి. మఠంపల్లి దిక్కు నుంచి వచ్చిన సిమెంటు ట్యాంకరొకటి కోదాడ రోడ్డుకు మళ్లుతుంటే మన పాదాల కింద నేల సన్నగా అదురుతుంది.

వడ్లాయన ఏమీ అనడు. ఒక స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెప్పించి గది వాయవ్య మూలన నేల మీద పెడతాడు. "మీరు నాలుగడుగులు వెనక్కి జరిగి, మడిమెలెత్తి ఒక్కసారి నేలకు కొట్టండ్రి." కొడతాం. గ్లాసులో నీళ్లు వలయాలు తిరిగి అంచు మీదుగా ఒక చుక్క ఒలుకుతుంది.

"చూసిండ్రా? చెక్క ఇంత ఊగినా దానికేం కాదు. టైలుకు వంగుడు రాదు. పగులుడే వస్తది."

టైలు మేస్త్రి గోడకు ఆనుకుని నిలబడి తల ఊపుతాడు. ఈ మూలనే ఆరడుగుల పొడుగు, ఐదడుగుల వెడల్పుతో స్నానాల గది రావాలి. కింద స్లాబు లేదు. ఉన్నదంతా కట్టె.

కాంక్రీటు రాకముందు అంతస్తు వేయాలంటే కట్టెతోనే వేసేవాళ్లు. గోడ నుంచి గోడకు దూలం, దూలం మీద దంతెలు, దంతెల మీద పలకలు, పలకల మీద సున్నం కలిపి దిమ్మిస కొట్టిన గచ్చు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ నీళ్లు ఈ దిక్కు పారినంక హుజూర్‌నగర్ చుట్టూ వరి పెరిగింది, ఊళ్లోకి బస్తాల రాక పెరిగింది. ఈ మేడగది ఆ ధాన్యం దాచిన గది. ఇప్పుడిక్కడ కొడుకూ కోడలూ పిల్లలూ ఉంటున్నారు. స్నానానికైనా, రాత్రిపూట అవసరానికైనా ఈ మెట్లు దిగి దొడ్లోకి పోవాలి. నిద్రమత్తులో ఉన్న పిల్లను చంకనేసుకుని కోడలు ఆ మెట్లు దిగడం చూసి ఇంటి పెద్దమ్మే పట్టుబట్టింది.

"కూలగొట్టి స్లాబు పోయమని అందరు చెప్పిన్రు. మా మామ కట్టిచ్చిన ఇల్లిది. నేల మంచిగ చేసి పైన్నే తానాల గది పెట్టుండ్రి" అని ఆమె మాట.

చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న ఊరిది. మఠంపల్లి, మేళ్లచెరువు, పాలకవీడు మండలాల్లో తిరిగితే ఫ్యాక్టరీ చిమ్నీలు దూరం నుంచే కనిపిస్తాయి. అందుకే ఇక్కడి టైలు మేస్త్రీలు స్లాబు మీద ఇసుకా సిమెంటూ పరిచి, పైన నీరు సిమెంటు పోసి టైలు అంటించడంలో చేయి తిరిగినవాళ్లు. అదే పద్ధతి ఊగే చెక్క మీద చేస్తే ముందు టైళ్ల సందుల్లో సన్న గీతలు పడతాయి. తర్వాత టైలే పగులుతుంది. పగులులోంచి నీళ్లు దిగుతాయి, నీళ్ల వెంట పుచ్చు వస్తుంది. అది పైకి కనిపించేసరికి కింద దంతె సగం పోయి ఉంటుంది. అందుకని ఈ పనిలో మొదటి భాగమంతా వడ్లాయనది. మేస్త్రి వంతు చివర్లో.

గచ్చు లేపుడు

గడ్డపార వాడొద్దని ముందే చెప్పారు. ఆ దెబ్బలకు గోడలు అదురుతాయి. ఇద్దరు కుర్రాళ్లు చిన్న సుత్తి, ఉలి పట్టుకుని గచ్చును బెత్తెడు ముక్కలుగా పగలగొడుతున్నారు. పైపొర గట్టిగా ఖంగుమంటోంది. దాని కింద మెత్తటి మట్టి. తట్టలు నింపి కిందికి దించుతుంటే మెట్ల పొడుగునా తెల్లటి దుమ్ము లేస్తోంది.

గచ్చు మందం మూడంగుళాలు వచ్చింది. చదరపు మీటరుకు సుమారు నూటపాతిక కిలోల చొప్పున లెక్కగడితే ఈ ఒక్క మూలలోంచే మూడున్నర క్వింటాళ్ల బరువు దిగినట్టు. ఇది మనకు కలిసొచ్చే లెక్క. పైన రాబోయే ప్లైవుడ్, సిమెంటు బోర్డు, టైలును పట్టి ఉంచే అంటు, టైలు అన్నీ కలిపినా చదరపు మీటరుకు అరవై కిలోల లోపే. పాత నేల మోసిన బరువులో అది సగం. మంచిగున్న దంతెకు కొత్త నేల భారం కాదు. మందంగా ఇసుకా సిమెంటూ పోసి వాలు తీస్తేనే పోయిన బరువంతా మళ్లీ నెత్తికెక్కుతుంది. ఆ పని చేయకూడదని వడ్లాయన, మేస్త్రి అప్పుడే ఒక మాట మీదికొచ్చారు.

గచ్చు పోయాక పలకలు బయటపడ్డాయి. టేకు. తొమ్మిదంగుళాల వెడల్పు, అంగుళం మందం. ఒక్కో మేకును నెమ్మదిగా పీకి పలక ఎత్తుతుంటే సందుల్లోంచి వడ్లగింజలు, ఊక రాలుతున్నాయి. ఎన్నో పంటల ధాన్యం ఇక్కడ నిలవున్న గుర్తులివి. పలక తీసినచోట కింది గది కనిపిస్తోంది. మంచాలకూ బీరువాకూ దుప్పట్లు కప్పి, పెద్దమ్మ తలెత్తి పైకి చూస్తోంది. ఇప్పుడు మనం నిలబడ్డది దంతెల మీద అడ్డంగా వేసిన ప్లైవుడ్ ముక్క మీద. పక్కకు అడుగేస్తే ఖాళీ.

పలకల మీదే బోర్డు వేసి టైలు అంటిస్తే ఏం పోతుందని చాలామంది అడుగుతారు. వడ్లాయన ఒక పలకను నిలబెట్టి దాని తలకట్టు చూపిస్తాడు. వార్షిక వలయాలు విల్లులా వంగి ఉన్నాయి. కట్టె పొడుగు దిక్కున దాదాపు కదలదు. అడ్డంగా మాత్రం వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. కట్టెల్లో తక్కువ కదిలేవాటిలో టేకు ఒకటి. అయినా ఇలా కోసిన తొమ్మిదంగుళాల టేకు పలకలో తేమ ఆరు శాతం పెరిగితే వెడల్పు రెండు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. పక్కపక్కన ఏడు పలకలుంటే ఆ కదలికలన్నీ తోడవుతాయి. కాల్చిన మట్టితో చేసిన టైలు మాత్రం ఎన్ని వానలొచ్చినా అంతే ఉంటుంది. కదిలేదాని మీద కదలనిదాన్ని నేరుగా అంటిస్తే ఏదో ఒకటి విడిపోక తప్పదు. కదలికను పొర పొరకూ తగ్గిస్తూ రావడమే ఈ పనంతటి సారం.

పలకలను పారేయరు. కడిగి, ఎండబెట్టి, గుమ్మం తలుపుకు వాడతారట.

దంతెల బాగోగులు

ఈ మూల కింద నాలుగు దంతెలున్నాయి. వడ్లాయన సుత్తి పిడితో ఒక్కోదాన్ని చివరి నుంచి చివరిదాకా తట్టుకుంటూ పోతాడు. మొదటిది, రెండోది గట్టిగా పలుకుతున్నాయి. మూడో దంతె గోడలోకి దూరే చోటికి వచ్చేసరికి శబ్దం మందగించింది. స్క్రూడ్రైవర్ మొన ఆనించి నొక్కితే అంగుళం లోపలికి దిగింది. బయటికి తీస్తే మొనకు గోధుమరంగు పొడి అంటుకుని ఉంది.

"పుచ్చు ఈడ మొదలైంది. నడుమ మంచిగనే ఉన్నది."

దంతె కొన ఎందుకు ముందు పుచ్చింది? కట్టె తలకట్టు తేమను తొందరగా పీలుస్తుంది. ఈ గోడ మట్టీ సున్నంతో కట్టినది. వాన పడితే కొంత తేమ తీసుకుని, ఎండ వస్తే వదిలేసే గుణం దానిది. కొన్నేళ్ల కింద బయటివైపు సున్నం పూత గోకి సిమెంటు ప్లాస్టరు కొట్టారు. గోడలోని తేమకు బయటి దారి మూసుకుపోయింది. అది లోపలే నిలిచి దంతె కొనలకు చేరింది. పాత ఇళ్లకు మేలనుకుని చేసే పనుల్లో ఇదొకటి. ఆ కొన ఉన్న చోట బయటి ప్లాస్టరు తీయించి మళ్లీ సున్నంతో పూయాలని పెద్దమ్మతో అప్పుడే చెప్పారు. లేకపోతే రేపు కొత్త కట్టెకూ అదే గతి.

పుచ్చిన కొనను మంచి కట్టె తగిలేదాకా కోసేశారు. మిగతా దంతెల మీద సన్నటి మట్టి గీతలున్నాయి. చెదలు నడిచిన దారి. గోకి చూస్తే లోపల ప్రాణంతో ఏమీ లేవు. అయినా ప్రతి దంతెకూ, గోడ రంధ్రాలకూ చెదల మందు కొట్టి ఆరబెట్టారు.

ఇప్పుడు జోడీ పని, అంటే పాత దంతెకు కొత్త కట్టెను జత చేయడం. భవనాల్లో కట్టె వాడకానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 883 ఉంది. అందులో ఒక మాట ఈ గదికే రాసినట్టుంటుంది. టైళ్లు, స్లేటు లాంటి పెళుసు వస్తువులను మోసే కట్టె తన పొడుగులో 360వ వంతుకు మించి వంగకూడదు. మిగతావాటికి 240వ వంతు వరకు సరే. ఈ దంతె పొడుగు పదడుగులు. మామూలు నేలైతే పన్నెండున్నర మిల్లీమీటర్ల వంపు ఒప్పుకుంటారు, టైలు నేలకు ఎనిమిదిన్నరే. ధాన్యం బస్తాలు ఎత్తినా విరగని నేల టైలుకు పనికి రాకపోవడానికి కారణం ఈ తేడా. విరగకుండా మోయడం వేరు, వంగకుండా మోయడం వేరు.

పాత దంతె ఎత్తు ఆరంగుళాలు. వడ్లాయన తెచ్చిన కొత్త నల్లమద్ది కట్టెల ఎత్తు ఎనిమిది. కట్టె వెడల్పు రెట్టింపైతే గట్టిదనం రెట్టింపే అవుతుంది. ఎత్తు రెట్టింపైతే ఎనిమిదింతలు పెరుగుతుంది. అందుకే అదే వెడల్పున్నా, రెండంగుళాల ఎత్తు ఎక్కువున్న కొత్త కట్టె ఒక్కటే పాతదాని కంటే రెండింతలకు పైగా గట్టిది. పాత దంతె పక్కన కొత్తది ఆనించి, పన్నెండు మిల్లీమీటర్ల బోల్టులు ఒకటి పైకి ఒకటి కిందికి వచ్చేలా వేసి, వెడల్పాటి వాచర్లు పెట్టి బిగిస్తున్నారు. స్పానర్ తిరిగిన కొద్దీ రెండు కట్టెల నడుమ వెలుగు గీత సన్నబడి మాయమైంది. గోడలోకి పోయే కొనలకు మందు పూసి, చుట్టూ వేలు పట్టేంత గాలి సందు వదిలారు. దంతెకూ దంతెకూ నడుమ అడ్డ కట్టెలు బిగించారు. ఒకదాని మీద పడ్డ బరువును పక్కవి పంచుకోవడానికి.

గొట్టాల దగ్గర కాస్త వాదన నడిచింది. స్నానాల నీళ్లు దిగే నానీ ట్రాప్ నుంచి గోడ అవతలికి పోయే పీవీసీ గొట్టానికి ఒక దంతె అడ్డొచ్చింది. పైఅంచున గాడి కోస్తే పోతుంది కదా అన్నాడు ప్లంబరు కుర్రాడు. వడ్లాయన సన్నటి రీపరు ఒకటి తీసి మోకాలి మీద వంచి చూపిస్తాడు. "చూడు తమ్మీ, పైభాగం నొక్కుకపోతుంది, కిందిది సాగుతుంది. బరువంతా ఈ రెండంచులే మోస్తయి. నడిమి మీద ఒత్తిడి తక్కువ. అంచు కోసినవంటే దంతెను కోసినట్టే." చివరికి ట్రాప్‌నే పక్కకు జరిపారు. గొట్టం రెండు దంతెల నడుమ దారిలోనే నేరుగా గోడకు పోతుంది. చిన్న నీళ్ల గొట్టాలకు మాత్రం దంతె ఎత్తులో సరిగ్గా నడుమ రంధ్రాలు వేశారు.

పని ముగిసే వేళకు అడ్డకట్టెల మీద ప్లైవుడ్ ముక్క వేసి, పొద్దున్నటి గ్లాసు పెట్టి మళ్లీ మడిమెలు కొడతాం. నీళ్లు ఒక్కసారి మెరిసి నిలిచిపోయాయి.

వాలు, పైన ప్లై

నీళ్లు ట్రాప్ దిక్కుకు పోవాలంటే నేలకు వాలు కావాలి. ఇక్కడ అనుకున్నది అడుగుకు పావంగుళం. ఆరడుగులకు అంగుళంన్నర. దాన్ని ఇసుకా సిమెంటుతో తీయడం లేదు కాబట్టి కట్టెతోనే తీయాలి. వడ్లాయన ఒక్కో దంతె మీదికి ఒక్కో ఏటవాలు రీపరు చెక్కుతున్నాడు. ఒక కొన అంగుళంన్నర, రెండో కొన కాగితమంత. రందా పట్టిన ప్రతిసారీ చిత్రిక పొట్టు సుళ్లు తిరిగి కాళ్ల మీద పడుతోంది. మద్ది వాసన గదంతా నిండింది. నాలుగు దిక్కుల నుంచి నడుమకు వాలు తీస్తే ప్రతి టైలునూ ఐమూలగా కోయాలి. ట్రాప్‌ను గోడ వారగా పెట్టి ఒకే దిక్కుకు వాలిస్తే టైళ్లు నిండుగా కూర్చుంటాయి. అదీ ముందే అనుకున్నదే.

మేస్త్రి లెక్క సరిచూస్తున్నాడు. తీసేసిన గచ్చూ పలకా కలిపి వంద మిల్లీమీటర్లు. వేయబోయేవి: గుమ్మం వైపు రీపరు ముప్పై ఎనిమిది, ప్లై పద్దెనిమిది, బోర్డు పన్నెండు, రెండు పొరల అంటు ఏడు, టైలు తొమ్మిది. మొత్తం ఎనభై నాలుగు. అంటే గుమ్మం దగ్గర స్నానాల గది నేల మేడగది నేల కంటే పదహారు మిల్లీమీటర్లు కిందికే ఉంటుంది. నీళ్లు గదిలోకి పారవు. లెక్క చాక్‌పీసుతో గోడ మీదే రాశాడు.

ప్లైవుడ్ షీట్లు కొన్నాళ్లుగా ఈ గదిలోనే గోడకు ఆనించి ఉన్నాయి. షాపు గోదాములో ఉన్న తేమ వేరు, ఈ గదిలో తేమ వేరు. బిగించాక మారడం కంటే ముందే మారిపోవడం మంచిది. షీటు మీద ఐఎస్ 710 అన్న ముద్ర ఉందో లేదో వడ్లాయన కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూస్తాడు. మెరైన్ ప్లై ప్రమాణం అది. ఆ ప్లై ముక్కను డెబ్బై రెండు గంటలు మరిగించినా పొరలు విడిపోకూడదు. ప్లైలో ఒక పొర నార నిలువుగా, తర్వాతి పొర నార అడ్డంగా ఉంటుంది. ఒక పొర ఉబ్బబోతే పక్క పొర పట్టి ఆపుతుంది. పలక కదలికలో చాలాభాగం ఇక్కడే ఆగిపోతుంది.

షీటు పొడుగు దంతెలకు అడ్డంగా రావాలి. షీటుకూ షీటుకూ నడుమ మూడు మిల్లీమీటర్ల సందు. దానికోసం టైలు స్పేసర్లనే పెట్టారు. గోడ చుట్టూ ఇంకాస్త ఎక్కువ సందు. ఆరంగుళాలకొక స్క్రూ. మేకులు వద్దన్నాడు వడ్లాయన. మేకు ఏళ్ల మీద లూజై కిర్రుమంటుంది, స్క్రూ పట్టు వదలదు. ఫాల్స్ సీలింగ్‌కు వాడే నల్ల స్క్రూలూ వద్దు. అవి పెళుసు, పైగా తడికి తుప్పు పడతాయి.

మఠంపల్లి బోర్డు

మధ్యాహ్నం ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. బూడిదరంగు బోర్డులు. పన్నెండు మిల్లీమీటర్ల మందం, ఎనిమిదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పున్న ఒక్కో షీటు నలభై అయిదు కిలోల దాకా ఉంటుంది. ఇద్దరు పట్టుకుంటే గానీ కదలదు.

వీటిది దూరపు ఊరేమీ కాదు. మఠంపల్లి మండలం సింహపురిలో ఎన్‌సీఎల్ ఇండస్ట్రీస్ బైసన్ ప్యానెల్ పేరుతో తయారుచేసే సిమెంటు బోర్డు. చెక్కను తరుగుగా చేసి, సిమెంటు కలిపి, భారీ ఒత్తిడితో పలకగా నొక్కి గట్టిపడనిస్తారు. సిమెంటే ఎక్కువ పాలు. ఈ రకం బోర్డులకు ఐఎస్ 14276 అని ప్రమాణం ఉంది. కోసిన అంచును దగ్గరగా పట్టి చూడండి. బూడిదరంగు సిమెంటులో లేత గోధుమరంగు చెక్క పీచులు అడ్డదిడ్డంగా ఇరుక్కుని కనిపిస్తాయి. కట్టెకూ టైలుకూ నడుమ రెండింటి గుణమూ ఉన్న పొర కావాలి. స్క్రూ పట్టాలి, సిమెంటు అంటూ పట్టాలి. ఈ ఊరి సున్నపురాయి నుంచి పుట్టిన బోర్డుకు ఆ రెండు గుణాలూ ఉన్నాయి.

అమెరికాలో ఇళ్లు ఎక్కువగా కట్టెతోనే కడతారు. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ల పై అంతస్తు స్నానాల గదుల కింద మామూలుగా ఉండేవి దంతెలూ, ప్లై లాంటి చెక్క షీట్లే. ఆ చెక్క మీద సిమెంటు బోర్డు వేసి టైలు అంటించడం అక్కడ రోజువారీ పని. అక్కడివాళ్ల లెక్కల్లోనూ ఆ 360వ వంతే ప్రమాణం. హుజూర్‌నగర్ మేడగదిలో ఈ పద్ధతి కొత్తగా అనిపించినా దాని వెనక ఎంతో అనుభవం ఉంది.

బోర్డును ఇంటి ముందు వీధిలోనే కోస్తున్నారు. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు. ఆ సిమెంటు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. సగం ముక్కలుగా చేశాకే మెట్లెక్కించగలిగారు. పైన ప్లై మీద మేస్త్రి అంటు పరిచి, పళ్లున్న తాపీతో గీరుతున్నాడు. గాడులు గాడులుగా పడ్డ ఆ పొర మీద బోర్డు దింపి నొక్కితే కింద ఎక్కడా బోలు ఉండదు. రంధ్రం ముందే వేసి, స్క్రూ తల బోర్డులోకి దిగేలా బిగించాలి. లేకపోతే అంచు పగిలి ఊడుతుంది. ప్లై సందు మీదే బోర్డు సందు రాకుండా జరిపి వేశారు. సందుల మీద క్షారానికి తట్టుకునే ఫైబర్ జాలీ పట్టీ పెట్టి అంటుతో నింపారు. మేస్త్రి ఆరడుగుల అల్యూమినియం బద్ద తీసుకుని నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి కింద వెలుగు కనిపిస్తుందా అని వంగి చూస్తున్నాడు. రసమట్టం బుడగ ట్రాప్ వైపు పల్లం చూపిస్తోంది. అడ్డంగా పెడితే నడుమన నిలిచింది.

నీళ్ల పరీక్ష

టైలు నీళ్లను ఆపుతుందనుకోవడం చాలామంది భ్రమ. టైలు మీద నిగనిగ ఉంటే ఉండొచ్చు, సందుల్లో నింపే గ్రౌట్‌లోంచి తడి దిగుతూనే ఉంటుంది. నీళ్లను ఆపాల్సింది కింది పొర. ప్లైనూ దంతెలనూ కాపాడేది అదే.

పొడీ ద్రవమూ కలిపిన వాటర్‌ప్రూఫ్ పూతను బ్రష్‌తో పూస్తున్నారు. ముందు మూలలు. నేల గోడను కలిసే చోట మెత్తటి పట్టీ పెట్టి పూతలో పొదిగారు. నేల ఒక తీరుగా కదులుతుంది, గోడ ఇంకో తీరుగా. ఆ మూలలో గట్టి పొర ఉంటే చీలుతుంది. తర్వాత నేలంతా ఒక పూత తూర్పు పడమరలుగా. అది ఆరాక రెండోది ఉత్తర దక్షిణాలుగా. మొదటి పూతలో బ్రష్ తప్పిన చోట్లను రెండోది పట్టుకుంటుంది. గోడల మీదికి అడుగెత్తు, నల్లా ఉన్న గోడకు తల ఎత్తు దాటేదాకా.

పూత పూర్తిగా ఆరనిచ్చారు. ట్రాప్‌కు బిరడా కొట్టి, గుమ్మం దగ్గర తాత్కాలికంగా కట్ట వేసి నీళ్లు వదిలారు. గుమ్మం వైపు అంగుళం, ట్రాప్ దగ్గర రెండున్నర అంగుళాలు. మొత్తం నూట ఇరవై కిలోలకు పైగా నీళ్లు ఆ నేల మీద కూర్చున్నాయి. ఇళ్లలో స్నానాల గదులు చదరపు మీటరుకు రెండు వందల కిలోల దాకా మోసేలా ఉండాలని ఐఎస్ 875 చెబుతుంది. ఆ లెక్కన ఇది తక్కువ బరువే. నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్ గీత గీశారు. కింది గదిలో దంతెల కింద తెల్లటి పాత ధోవతి పరిచి, ట్రాప్ చుట్టూ టార్చి వేసి చూస్తున్నారు.

చీకటి పడ్డాక పెద్దమ్మ పిలుపు. "ఓ మేస్త్రీ, ఇటు రా. బట్ట మీద తడి ఉన్నది."

అందరం కిందికి దిగుతాం. ధోవతి మీద రూపాయి బిళ్లంత మరక. ట్రాప్ మెడ చుట్టూ టార్చి వేస్తే ఒక చుక్క నిండుతూ, ఆగుతూ, రాలుతోంది. మేస్త్రి మొహంలో చిరాకు లేదు. "ఇప్పుడు కారుడే మంచిదమ్మా. టైలు ఏసినంక అయితే ఎట్ల తెలుస్తుండె?" నీళ్లు తోడేశారు. ట్రాప్ మెడ చుట్టూ పూత గోకి చూస్తే ప్లాస్టిక్ మీద నున్నగా ఉన్నచోట పూత పట్టలేదు. ఉప్పుకాగితంతో రుద్ది గరుకు చేసి, పట్టీ పెట్టి మళ్లీ రెండు పూతలు వేశారు. ఆరబెట్టి మళ్లీ నీళ్లు. ఇరవై నాలుగు గంటలు గడిచాక చూస్తే పెన్సిల్ గీత దగ్గర నీళ్లు వెంట్రుకవాసి మాత్రమే తగ్గాయి. అది ఆవిరి. కింద ధోవతి పొడిగా ఉంది. పెద్దమ్మ దాన్ని చేత్తో తడిమి చూసి గానీ నమ్మలేదు.

మొదటి టైలు

ఇప్పుడు మేస్త్రి పెట్టె విప్పుతున్నాడు. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చిన టైళ్లు. అడుగు బై అడుగు, జారని గరుకు ముఖం. గోడ టైలు అందంగా ఉందని నేలకు వేయకూడదు. అది ఎక్కువ నీళ్లు పీల్చే మెత్తటి రకం, కాలి బరువుకు నిలవదు. కుర్రాడు అలవాటుగా టైళ్లను బకెట్ నీళ్లలో వేయబోతుంటే మేస్త్రి ఆపాడు. ఇసుకా సిమెంటుతో అంటించేటప్పుడు నానబెట్టడం సరే. లేకపోతే టైలు సిమెంటులోని నీళ్లను పీల్చేస్తుంది. ఈ అంటులో నీళ్లను పట్టి ఉంచే పదార్థం ముందే కలిసి ఉంటుంది. తడి టైలుకు అది సరిగా పట్టదు. వీపు మీద దుమ్ము తుడిస్తే చాలు.

పళ్ల తాపీతో ఒకే దిక్కున గాడులు గీసి, మొదటి టైలును పెట్టి, గాడులకు అడ్డంగా ముందుకూ వెనక్కూ కాస్త జరిపి నొక్కాడు. అంతలోనే తాపీ మొన దూర్చి దాన్ని పైకి లేపేశాడు. బోర్లా తిప్పి మనకు చూపిస్తాడు. టైలు వీపంతా బూడిదరంగు అంటు ఒకే తీరుగా పరుచుకుంది. ఒక మూలన మాత్రం బొటనవేలంత చోటు ఖాళీ. తడి ఉండే నేలల్లో టైలు వీపున కనీసం 95 శాతం అంటు పట్టాలి. మిగిలిన బోలులో నీళ్లు చేరతాయి, మూలన కాలు పడితే టైలు విరుగుతుంది. టైలు వీపుకూ పలుచగా అంటు రాసి మళ్లీ పెట్టి, మళ్లీ లేపి చూశాడు. ఖాళీ లేదు. గోడకూ టైలుకూ నడుమ ఆరు మిల్లీమీటర్ల సందు వదిలాడు. అందులో గ్రౌట్ నింపడు, సిలికాన్ నింపుతాడు. వానాకాలం చెక్క కదిలితే ఆ సందులోనే కదలాలి.

రెండో టైలు, మూడో టైలు. ఇక మేస్త్రి చేయి ఆగదు. సాయంత్రానికి నేల కనిపించకుండా పోతుంది. ఇన్నాళ్ల వడ్లాయన పనంతా దాని కిందికి వెళ్లిపోతుంది. అందుకే టైలు మొదలుపెట్టక ముందే ఇంటాయన దంతెలు, బోల్టులు, గొట్టాలు, ట్రాప్ అన్నిటికీ పక్కన టేపు పెట్టి ఫోన్‌లో ఫొటోలు తీశాడు. ఏ దంతె గోడ నుంచి ఎన్ని అంగుళాల దూరంలో ఉందో, గొట్టం ఏ దారిన పోతుందో, ఏ పొర కింద ఏ పొర ఉందో ఒక కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజుల సంచిలో పెట్టాడు. రేపు ఈ ఇంట్లో ఎవరు డ్రిల్ పట్టుకున్నా ముందు ఆ కాగితం చూడాలి.

ఇలాంటి మేడ ఇల్లున్నవాళ్లు కోదాడలో ఉన్నా, మిర్యాలగూడలో ఉన్నా, మహబూబ్‌నగర్ పాత బజార్లో ఉన్నా ఒక మాట మనసులో పెట్టుకోవాలి. ఇల్లు పాతదైందని, కట్టెదని కూలగొట్టే ముందు ఒకసారి గచ్చు లేపి దంతెలను తట్టించండి. మంచి కట్టె ఉంటే ఆ ఇంటికి ఇంకో తరం బతుకుంది. టైలు రంగు ఎంచుకోవడానికి షాపులో ఎంతసేపైనా కూర్చుంటాం. వడ్లాయన కూలి దగ్గర, ప్లై రకం దగ్గర, నీళ్ల పరీక్షకు పట్టే రోజుల దగ్గర మాత్రం బేరమాడతాం. ఆ బేరం తిరగేయాలి. టైలు నచ్చకపోతే పదేళ్లకు మార్చుకోవచ్చు. దాని కింది నేలను ఒక్కసారే, సరిగ్గా చేయించుకోవాలి.